నేను ఏడ్చిన ఏడుపే నా బిడ్డకు తగిలిందా?

గోదారిపిల్ల (రాజమండ్రి) | శనివారం, రాత్రి 11:20

నమస్కారమండీ. రెండేళ్ల నుంచి ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. పొడవైతే ఏమీ అనుకోకండి.

మా బాబుకి వచ్చే నెలతో ఐదేళ్లు నిండుతాయి. 30వ వారంలోనే పుట్టాడు, బరువు 1300 గ్రాములు. వాడు పుట్టడానికి తొమ్మిది రోజుల ముందు మా నాన్నగారు పోయారు. కడుపుతో ఉన్నదాన్నని నన్ను నాన్న దగ్గర పట్టుమని పది నిమిషాలు కూర్చోనివ్వలేదు. ఆ తొమ్మిది రోజులూ నాకు తిండి లేదు, నిద్ర లేదు. పెద్దకర్మ కాకముందే నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో చేర్చగానే ఒక ఇంజెక్షన్ చేశారు. పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు చేయాలన్నారు. మూడోది పడ్డాక కాన్పయింది. అది ఏం మందో, ఎందుకో ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జ్ కాగితంలో చూస్తే డెక్సామెథసోన్ అని ఉంది.

వాడు 41 రోజులు బాక్సులో ఉన్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఎల్‌కేజీ చదువుతున్నాడు. కాకపోతే మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు, కొత్తవాళ్లు వస్తే నా కొంగు వదలడు. పోయిన వారం ఒక పెళ్లిలో మా అత్తగారు పదిమంది ముందు అన్నారు: "అప్పుడు అది ఏడ్చిన ఏడుపే పిల్లాడికి తగిలింది." ఆ రాత్రంతా ఫోన్‌లో వెతుకుతూ కూర్చున్నాను. కడుపులో ఉండగా తల్లి టెన్షన్ పడితే కార్టిసాల్ అనే హార్మోన్ బిడ్డకు చేరుతుందట, పెద్దయ్యాక బీపీ, షుగరు, గుండెజబ్బు వస్తాయట. ఇంకోచోట నాకు చేసిన ఇంజెక్షన్ కూడా ఆ జాతి మందేనని, స్టీరాయిడేనని ఉంది. అంటే వాడికి రెండు దెబ్బలూ నా వల్లే తగిలాయా? తెలిసినవాళ్లు నిజం చెప్పండి. నన్ను ఓదార్చడానికి అబద్ధం మాత్రం చెప్పొద్దు.

నైట్‌డ్యూటీ_సిస్టర్ (గుంటూరు) | శనివారం, రాత్రి 11:58

చెల్లీ, నేను పద్దెనిమిదేళ్లుగా పసిపిల్లల ఐసీయూలో నర్సుని. ముందు ఆ ఇంజెక్షన్ సంగతి చెప్తాను, ఎందుకంటే అది నేను కళ్లారా చూసింది.

ఆ ఇంజెక్షన్ పడకుండా 30 వారాలకు పుట్టిన బిడ్డ ఎలా ఉంటుందో తెలుసా? ఊపిరి పీల్చిన ప్రతిసారీ డొక్కలు లోపలికి పోతాయి, ఛాతీ మధ్యలో గుంట పడుతుంది. వదిలిన ప్రతిసారీ చిన్న మూలుగు వస్తుంది. ఆ మూలుగు చెవిన పడితే పక్క మంచం పని వదిలేసి పరిగెడతాం. పెదాలు నల్లబడుతుంటాయి. తల్లికి రెండు మూడు డోసులు పడి పుట్టిన బిడ్డ అదే బరువు ఉన్నా చాలాసార్లు తనంతట తాను ఊపిరి తీస్తుంటుంది, ముక్కుకి గొట్టం పెడితే సరిపోతుంది. ఊపిరితిత్తుల్లో బుడగలు అతుక్కుపోకుండా సబ్బులాంటి ఒక పదార్థం తయారవ్వాలి. మామూలుగా నెలలు నిండేటప్పుడు వచ్చేది ఆ మందు వల్ల ముందే వస్తుంది. నీకు ఆ ఇంజెక్షన్ రాసిన డాక్టరమ్మ నీ కొడుక్కి ఊపిరి ఇచ్చింది. నీకు ఒక్క మాట చెప్పి చేసి ఉండాల్సింది, ఆ తప్పు మా వైపుదే.

ఇక ఏడుపు సంగతి. నెలలు నిండకుండా కాన్పు ఎందుకొస్తుందో సగం కేసుల్లో మాకే తెలియదు. ఇన్ఫెక్షన్, ముందే ఉమ్మనీరు పోవడం, గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉండటం, బీపీ, ఇలా ఎన్నో ఉంటాయి. తండ్రి పోయిన కూతురు ఏడవకపోతే ఇంకెవరు ఏడుస్తారు తల్లీ.

బయోకెమ్_మాస్టారు (తిరుపతి) | ఆదివారం, ఉదయం 6:10

అమ్మా, అబద్ధం వద్దన్నారు కనుక ఉన్నదున్నట్టు చెప్తాను. మీరు చదివిన దాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం ఎవరూ రాయలేదు.

కష్టం వచ్చినప్పుడు మెదడులోని హైపోథాలమస్ అనే భాగం పిట్యూటరీ గ్రంథికి కబురు పంపుతుంది. పిట్యూటరీ మూత్రపిండాల మీద టోపీలా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు చెప్తుంది. అవి కార్టిసాల్ వదులుతాయి. ఇది విషం కాదు. రోజూ తెల్లవారి లేచిన అరగంటకు మనందరిలోనూ అది బాగా పెరుగుతుంది, రాత్రికి తగ్గుతుంది. అది లేకపోతే బతకలేం. బిడ్డ అవయవాలు పండటానికీ అదే కావాలి. సిస్టర్ చెప్పిన ఊపిరితిత్తుల పని కూడా సహజంగా చేసేది కార్టిసాలే.

అయితే బిడ్డకు అది తగిన వేళకు, తగినంతే అందాలి. అందుకని మాయలో, అంటే ప్లాసెంటాలో, ఒక కాపలా ఉంది. 11 బీటా హెచ్‌ఎస్‌డీ 2 అనే ఎంజైము. తల్లి రక్తంలోంచి వచ్చే కార్టిసాల్‌లో చాలాభాగాన్ని ఇది పనిచేయని కార్టిసోన్‌గా మార్చేస్తుంది. తల్లి రక్తంలో ఉన్నదానికంటే బిడ్డ రక్తంలో కార్టిసాల్ ఎన్నో రెట్లు తక్కువ ఉండటానికి కారణం అదే. మీరు ఏడ్చినప్పుడు ఆ కాపలా అక్కడే ఉంది. డెక్సామెథసోన్‌ను మాత్రం ఆ ఎంజైము పెద్దగా మార్చలేదు, అందుకే బిడ్డకు చేరాలని కోరుకున్నప్పుడు డాక్టర్లు ఆ మందును ఎంచుకుంటారు. ప్రెడ్నిసోలోన్ అయితే మాయ దగ్గరే చాలావరకు ఆగిపోతుంది.

ఆ కాపలాను బలహీనపరిచేది ఒకటి మన ఇళ్లలోనే ఉంది, అతిమధురం. దాంట్లోని గ్లిసరైజిన్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. ఫిన్లాండ్‌లో అతిమధురంతో చేసిన నల్లటి మిఠాయి అందరూ తింటారు. హెల్సింకిలో 1998లో పుట్టిన పిల్లలను కాత్రి రైక్కోనెన్ బృందం ఎనిమిదేళ్ల వయసులో పరీక్షించింది. కడుపుతో ఉన్నప్పుడు వారానికి 500 మిల్లీగ్రాములు, ఆపైన గ్లిసరైజిన్ తిన్న తల్లుల పిల్లలకు తెలివితేటల పరీక్షల్లో మార్కులు తగ్గాయి, లాలాజలంలో కార్టిసాల్ ఎక్కువగా కనిపించింది.

అమ్మమ్మ_కషాయం (కడప) | ఆదివారం, ఉదయం 8:35

మాస్టారూ, గుండె ఝల్లుమంది. మా కోడలికి ఐదో నెల. దగ్గు తగ్గాలని నాలుగు రోజులుగా అతిమధురం ముక్క బుగ్గన పెట్టుకోమంటున్నాను.

బయోకెమ్_మాస్టారు (తిరుపతి) | ఆదివారం, ఉదయం 8:50

నాలుగు రోజుల చిన్న ముక్కకు భయపడక్కర్లేదమ్మా. ఆ తల్లులు వారాల తరబడి, గ్రాముల కొద్దీ తిన్నవాళ్లు. కానీ ఇవాళ్టి నుంచి ఆపేయండి. దగ్గుకు గోరువెచ్చని నీళ్లు, తేనె చాలు. అతిమధురం బీపీని కూడా పెంచుతుంది, గర్భిణికి అది అసలే మంచిది కాదు.

డల్లాస్_నాన్న | ఆదివారం, ఉదయం 9:15

మాకు ఇక్కడ శనివారం రాత్రే. నా భార్యకు ఇప్పుడు 22వ వారం. నా ఉద్యోగం ఊడి అరవై రోజుల వీసా గడువులో ఉన్నాం, కొత్తది దొరక్కపోతే సామాను సర్దుకుని రావడమే. తను బయటికి ఏమీ అనదు, రాత్రుళ్లు మాత్రం లేచి కూర్చుంటుంది. ఇలాంటి టెన్షన్ బిడ్డకు ఎంతవరకు పోతుంది? తనకు ఈ చర్చ చూపించాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

పిల్లలడాక్టర్_ఓరుగల్లు | ఆదివారం, మధ్యాహ్నం 2:40

ఆదివారం ఓపీ ఇప్పుడే అయిపోయింది. కాస్త పొడవుగానే రాస్తాను.

డల్లాస్ సోదరా, చూపించండి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జానెట్ డిపియట్రో ఆరోగ్యంగా ఉన్న గర్భిణుల రోజువారీ ఆందోళనను కొలిచి, వాళ్ల పిల్లలను రెండేళ్ల వయసులో పరీక్షించారు. 2006లో ఆమె ప్రచురించిన ఫలితం ప్రకారం కొద్దిపాటి, మధ్యస్థమైన ఆందోళన ఉన్న తల్లుల పిల్లలు ఎదుగుదలలో వెనకపడలేదు, కాస్త ముందే ఉన్నారు. బిడ్డ మీద ముద్ర కనిపించిన సందర్భాలు వేరే రకం. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ దాడులకు దగ్గరగా ఉన్న 38 మంది గర్భిణులను రేచల్ యెహుదా పరిశీలించారు. వాళ్లలో ఆ భయం వదలక పీటీఎస్‌డీ అనే మానసిక సమస్యగా మారిన తల్లులకూ, ఏడాది వయసున్న వాళ్ల పిల్లలకూ కార్టిసాల్ తక్కువగా ఉంది. ఎక్కువ కాదు, తక్కువ. ఈ హార్మోన్ విషయంలో ఎక్కువే చెడ్డదనుకోవడం పొరపాటు. వేళకు పెరిగి వేళకు తగ్గాలి. ఎప్పుడూ మండుతూ ఉండటమూ నష్టమే, మండాల్సినప్పుడు మండకపోవడమూ నష్టమే. మీ ఆవిడ రాత్రి లేచి కూర్చున్నప్పుడు మీరూ లేచి పక్కన కూర్చోండి. రెండు వారాలు దాటినా నిద్ర రాకపోతే, ఏడుపు ఆగకపోతే డాక్టరుకు చెప్పండి. గర్భిణి డిప్రెషన్‌కు వైద్యం ఉంది.

గోదారి చెల్లెమ్మా, నీకు చేసిన ఇంజెక్షన్‌కు పెద్ద కథే ఉంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో గ్రాహమ్ లిగ్గిన్స్ అనే ప్రసూతి డాక్టరు, అసలు నొప్పులు ఎందుకు మొదలవుతాయో తెలుసుకోవాలని గొర్రెల మీద పనిచేసేవాడు. కడుపులోని గొర్రెపిల్లకు ఈ కార్టిసాల్ జాతి మందు ఎక్కించాడు. అది మరీ ముందుగా పుట్టేసింది. ఆ వయసుకు ఊపిరితిత్తుల్లో గాలి ఆడకూడదు, క్షణాల్లో చనిపోవాలి. కానీ ఊపిరి తీస్తూ ఉంది. అది చూసి ఆయన రాస్ హోవీ అనే పిల్లల డాక్టరుతో కలిసి 282 మంది తల్లుల మీద పరీక్ష చేశాడు. 1972లో ఫలితం వచ్చింది: అనుకోకుండా ముందే జరిగిన కాన్పుల్లో మందు అందని పిల్లలు 15 శాతం తొలి రోజుల్లోనే పోగా, మందు అందినవాళ్లలో 3.2 శాతం పోయారు. అంత స్పష్టంగా తేలినా ప్రపంచమంతా వాడకంలోకి రావడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. ఆ ఆలస్యంలో ఎందరు పోయారో అని ఇప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. ఆ ఆక్లండ్ పిల్లలను ముప్పై ఏళ్ల వయసులో మళ్లీ వెతికి పట్టుకున్నారు, 534 మందిని. 2005లో ఫలితం వచ్చింది. బీపీ, కొలెస్ట్రాల్, బరువు, గుండెజబ్బు, ఏ తేడా లేదు. గ్లూకోజు తాగించి చూసిన పరీక్షలో అరగంట దగ్గర ఇన్సులిన్ కాస్త ఎక్కువ ఉంది, అంతే.

మరో వైపు కూడా చెప్పాలి. ఫిన్లాండ్‌లో 6,70,097 మంది పిల్లల రికార్డులు తిరగేసి 2020లో ఒక అధ్యయనం వచ్చింది. ఇంజెక్షన్ పడి, తీరా కాన్పు నెలలు నిండాకే అయిన పిల్లల్లో మానసిక, ప్రవర్తన సమస్యలు సుమారు 9 శాతం. పడనివాళ్లలో 6 శాతం. నెలలు తక్కువ పిల్లల్లో మాత్రం మిగతా తేడాలు లెక్కేశాక ఆ వ్యత్యాసం నిలబడలేదు. దీని నుంచి మాలాంటివాళ్లు నేర్చుకోవాల్సింది ఉంది. ఎందుకైనా మంచిదని అందరికీ పొడవకూడదు, పదేపదే పొడవకూడదు, నిజంగా ముందే పుట్టబోయే బిడ్డకే ఇవ్వాలి. మీ బాబు సరిగ్గా ఆ బిడ్డే.

సూటిగా_అడుగుతా | ఆదివారం, సాయంత్రం 5:05

ఒక మాట. మా అమ్మ నొప్పులు వచ్చేదాకా వరినాట్లు వేసింది. ఇంట్లో రోజూ గొడవలే. మేం ఐదుగురం బాగానే ఉన్నాం. ఇవన్నీ ఈ కాలంలో కొత్తగా పుట్టిన భయాలు అనిపిస్తోంది.

రెండోజీవితం (విజయవాడ) | ఆదివారం, సాయంత్రం 6:30

సూటిగా గారూ, మీరు ఐదుగురూ బాగున్నందుకు సంతోషం. నా సంగతి వినండి.

మా నాన్న తాగేవాడు. మాది పెంకుటిల్లు, ముందు ఇనుప గేటు. రాత్రి పది దాటాక గేటు గడియ తీసే చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా ఉంటుందో నాకూ అక్కకూ తెలిసిపోయేది. గడియ మెల్లగా తీస్తే పర్వాలేదు. గేటు గోడకు కొట్టుకుంటే అక్క నన్ను మంచం కిందికి తోసేది. ఆరేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా అదే బతుకు. నాకు 34 ఏళ్లకే బీపీ వచ్చింది. ఉప్పు తక్కువ, సిగరెట్టు లేదు, తాగుడు లేదు. ఇప్పుడు నాకు 43. ఈనాటికీ రాత్రి ఎక్కడైనా గేటు గట్టిగా పడితే గుండె అదురుతుంది.

అమెరికాలోని శాన్ డియేగోలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ అండా అనే డాక్టర్లు తొమ్మిదిన్నర వేల మంది పెద్దవాళ్లను బాల్యం గురించి అడిగారని, 1998లో ప్రచురించారని నా కౌన్సెలర్ చెప్పారు. చిన్నప్పుడు దెబ్బలు, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం లాంటివి ఎన్ని ఎక్కువ చూస్తే పెద్దయ్యాక గుండెజబ్బు, డిప్రెషన్ లాంటివి అంత ఎక్కువగా కనిపించాయట. అది విన్న రోజు ఆటోలో ఇంటికొస్తూ ఏడ్చాను. నా ఒంటికి నేనేదో తప్పు చేశాననుకుంటూ తొమ్మిదేళ్లు గడిపాను మరి.

పిల్లలడాక్టర్_ఓరుగల్లు | ఆదివారం, రాత్రి 9:20

రెండోజీవితం గారూ, రాసినందుకు ధన్యవాదాలు. ఒక్క జాగ్రత్త చెప్తాను. ఆ లెక్క జనం మొత్తానికి పనికొస్తుంది, ఒక మనిషి జాతకం చెప్పదు. 2020లో ఆ అండా గారే ఆ స్కోరు పట్టుకుని ఒక్కొక్కరి భవిష్యత్తు తేల్చొద్దని రాశారు. మీ బీపీకి మందు వేసుకుంటే అది అందరికీ పనిచేసినట్టే పనిచేస్తుంది. సూటిగా గారి ఐదుగురి సంగతీ అంతే. కష్టం పడ్డ ప్రతి బిడ్డా జబ్బు పడదు. ఇంట్లో గొడవలున్నా దగ్గరికి తీసుకునే ఒక మనిషి ఉండి ఉంటుంది, నాయనమ్మో పెద్దక్కో.

సూటిగా_అడుగుతా | ఆదివారం, రాత్రి 9:41

నిజమే సార్. మా మేనత్త మాతోనే ఉండేది. అన్నం ఆమే తినిపించేది. రెండోజీవితం గారూ, నా మాట మిమ్మల్ని నొప్పించి ఉంటే క్షమించండి.

బయోకెమ్_మాస్టారు (తిరుపతి) | సోమవారం, ఉదయం 5:55

ఆ మేనత్త విషయమే శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ ఎలుకలను గమనించారు. కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను బాగా నాకుతూ సాకుతాయి, కొన్ని తక్కువ. బాగా నాకించుకున్న పిల్లలు పెద్దయ్యాక కార్టిసాల్ లాంటి తమ హార్మోన్‌ను త్వరగా అదుపులోకి తెచ్చుకుంటాయి. పుట్టగానే పిల్లలను తారుమారు చేసి చూస్తే, కన్న తల్లిని బట్టి కాకుండా పెంచిన తల్లిని బట్టే ఫలితం వచ్చింది. మెదడులో ఆ హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకపు జన్యువు మీద చిన్న రసాయన ముద్రలు మారాయని 2004లో చూపించారు. మనుషుల్లో ఇంత తేటగా ఎవరూ చూపలేదు, ఎలుక ఎలుకే.

మనుషుల్లో చూడాలంటే రొమేనియాకు పోవాలి. అక్కడి పాలకుడు చౌషెస్కు 1966లో గర్భస్రావాలు నిషేధించాడు, పెంచలేని తల్లిదండ్రులు పిల్లలను ప్రభుత్వ ఆశ్రమాల్లో వదిలేశారు. 1989 డిసెంబరులో అతను కూలిపోయేనాటికి ఆ ఆశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలున్నారు. వేళకు పాలు, వేళకు గుడ్డలు, ఎత్తుకునే చేయి మాత్రం లేదు. ఏడ్చినా ఎవరూ రారని తెలిసి ఏడవడమే మానేసిన పసివాళ్లు. తర్వాత బుకారెస్ట్‌లో 136 మందిని తీసుకుని చీటీ వేసినట్టు సగం మందిని పెంపుడు ఇళ్లకు పంపారు. వాళ్లకు సుమారు పన్నెండేళ్లప్పుడు చిన్న ఒత్తిడి పరీక్ష పెడితే, ఆశ్రమం పిల్లల్లో కార్టిసాల్ పెద్దగా కదల్లేదు. రెండేళ్ల లోపే ఇల్లు దొరికిన పిల్లల్లో మామూలు పిల్లలకు మల్లే పెరిగి తగ్గింది.

రెండేళ్లు దాటితే తలుపు మూసుకుపోతుందా అంటే, అదీ కాదు. మిన్నెసోటాలో మేగన్ గన్నర్ బృందం 2019లో చూపించింది: ఆశ్రమాల నుంచి దత్తతకు వచ్చిన పిల్లలు మంచి ఇంట్లో పెరిగితే, యవ్వనం వచ్చే వయసులో ఆ హార్మోన్ తీరు మళ్లీ సర్దుకుంది.

అంగన్‌వాడీ_టీచర్ (ఇబ్రహీంపట్నం దగ్గర) | సోమవారం, మధ్యాహ్నం 1:15

పిల్లలు పడుకున్నారు, ఇప్పుడు తీరిక దొరికింది. మా వైపే జరిగిన ఒక సంగతి ట్రైనింగ్‌లో చెప్పారు. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో, సగం పల్లెల్లో గర్భిణులకూ పిల్లలకూ అదనపు పోషకాహారం అందింది, సగం పల్లెలకు ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మళ్లీ చూశారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు ఉన్నారట. అది కొంచెమే. కానీ రక్తనాళాల బిరుసుతనం తక్కువ, ఇన్సులిన్‌కు ఒళ్లు మొండికేయడం కూడా తక్కువ. టెన్షన్ హార్మోన్ గురించి వాళ్లు చూడలేదు. కడుపులో ఉన్నప్పటి సంగతి పదిహేనేళ్ల తర్వాత ఒంట్లో కనిపిస్తుందని మాత్రం తెలిసింది. ఆరోగ్య లక్ష్మి భోజనానికి రమ్మంటే సిగ్గుపడే కోడళ్లకు నేను ఇదే చెప్తాను. ఇంట్లో ఆఖరున మిగిలింది తినేది వాళ్లే కదా.

గోదారిపిల్ల (రాజమండ్రి) | సోమవారం, సాయంత్రం 4:00

అందరివీ మూడేసి సార్లు చదివాను. డాక్టర్‌గారూ, ఇప్పుడు వాడికి నేను చేయాల్సిందేమైనా ఉందా? బక్కగా ఉన్నాడని మా అత్తగారు పొద్దున్నా సాయంత్రం నెయ్యి ముద్దలు, పైన బిస్కెట్లు పెడతారు.

పిల్లలడాక్టర్_ఓరుగల్లు | సోమవారం, సాయంత్రం 7:10

ఆ బిస్కెట్లే నాకు భయం. ఢిల్లీలో పుట్టిన 1492 మందిని పెద్దయ్యేదాకా గమనించి 2004లో ప్రచురించారు. ముప్పై ఏళ్లకే షుగరో, దానికి ముందు దశో వచ్చినవాళ్లు పసితనంలో సన్నగా ఉండి, రెండేళ్లు దాటాక క్రమంగా తోటివాళ్లకంటే వేగంగా ఒళ్లు చేసినవాళ్లు. ముందే పుట్టిన బిడ్డ సన్నగా ఉన్నా తన గీతలో తాను ఎదుగుతుంటే చాలు. గుడ్డు, పప్పు, పెరుగు పెట్టండి, ఆడనివ్వండి. ఏడాదికోసారి బీపీ చూపించండి, పిల్లల సైజు పట్టీతోనే చూడమని అడగండి, పెద్దవాళ్ల పట్టీతో తప్పు వస్తుంది. మిక్సీ చప్పుడుకు బెదరడం నెలలు తక్కువ పిల్లల్లో మాకు తరచూ కనిపిస్తుంది. వినికిడి, ఎదుగుదల ఒకసారి జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల సమస్యలను ముందే గుర్తించే కేంద్రంలో) చూపించండి, ఉచితం. మిక్సీ వేసేముందు వాడికి చెప్పి, స్విచ్చి వాడి చేతనే నొక్కించి చూడండి.

పల్నాడు_శీను | సోమవారం, రాత్రి 9:40

సార్ అర్జెంటు. మా చెల్లెలికి 31వ వారం. సాయంత్రం నుంచి ఉమ్మనీరు పోతోంది. ఇక్కడి డాక్టరమ్మ స్టీరాయిడ్ ఇంజెక్షన్ చేసి గుంటూరు పంపుతానంటోంది. మధ్యాహ్నం ఈ చర్చ చదివి ఇంట్లో చెప్పాను, ఇప్పుడు మా అమ్మ వద్దంటోంది, పిల్లలకు మెంటల్ వస్తుందంటగా అంటోంది. ఏం చేయాలి?

పిల్లలడాక్టర్_ఓరుగల్లు | సోమవారం, రాత్రి 9:44

వేయించండి. ఇప్పుడే. బయల్దేరకముందే మొదటి డోసు పడాలి. నేను రాసిన ఫిన్లాండ్ సంగతి నెలలు నిండి పుట్టిన పిల్లల గురించి. మీ చెల్లెలి బిడ్డకు ఇది ప్రాణం. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో 2852 మంది తల్లుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే మందును పరీక్షించింది. మందు అందని పిల్లలు 23.5 శాతం పోతే, అందినవాళ్లు 19.6 శాతం. మేలు తేలిపోయిందని మధ్యలోనే ఆపేశారు. ఫోన్ అమ్మకివ్వండి, ఈ మెసేజి చదివి వినిపించండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్ (గుంటూరు) | సోమవారం, రాత్రి 9:47

శీనూ, 108కి ఫోన్ చెయ్యి. చెల్లెల్ని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి. ఇంజెక్షన్ చేసిన టైము రెఫరల్ కాగితం మీద రాయించు, ఇక్కడ రెండో డోసు దాన్నిబట్టే చేస్తారు. జ్వరం, నీళ్లకు వాసన ఉంటే వెంటనే చెప్పండి.

పల్నాడు_శీను | సోమవారం, రాత్రి 10:15

అమ్మ ఒప్పుకుంది. 10:05కి చేశారు. అంబులెన్స్‌లో ఉన్నాం.

గోదారిపిల్ల (రాజమండ్రి) | మంగళవారం, ఉదయం 6:30

శీను గారూ, రాత్రంతా మీ గురించే ఆలోచన. బిడ్డను బాక్సులో పెడితే భయపడకండి. నర్సులు ఒప్పుకోగానే మీ చెల్లెల్ని బిడ్డను గుండెకు ఆనించుకోమనండి. మా వాణ్ని పన్నెండో రోజు నా ఛాతీ మీద పెట్టారు. మానిటర్‌లో పరుగులు పెడుతున్న అంకె కాసేపటికి నెమ్మదించింది. ఇన్నాళ్లూ నేను అది మర్చిపోయాను.

పల్నాడు_శీను | బుధవారం, మధ్యాహ్నం 12:20

నాలుగో డోసు ఉదయం పదింటికి పడింది అక్కా. నొప్పులు ఇంకా రాలేదు, జ్వరం లేదు. చెల్లెలు ఇడ్లీ తింది. అమ్మ బయట కుర్చీలో నిద్రపోతోంది.